జ్వరం తగ్గిన పదిహేడో రోజున

2024 అక్టోబర్ 2, బుధవారం. ఎంగిలిపూల బతుకమ్మ. ముందురోజు సాయంత్రమే తెచ్చి నీళ్లు చల్లి పెట్టుకున్న పూలు ముందేసుకుని నేనూ అత్తమ్మా కూర్చున్నాం. ఆమె తాంబాళంలో ఆకులు పరిచింది, నేను తంగేడు వరస మొదలుపెట్టాను. చేతిలోని రెమ్మను చూస్తే పువ్వు నడుమ పసుపు లేదు. మసిచేత్తో ముట్టుకున్నట్టు బూడిదరంగు మరక. చుట్టూ రేకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పాడైన పువ్వనుకుని పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాను. దాని మీదా అదే మరక. మూడోదాని మీదా అదే.

అప్పుడు ఎడమకన్ను మూసి అత్తమ్మ వంక చూశాను. ఆమె నుదుటి బొట్టు కనబడుతోంది, చెవుల కమ్మలు కనబడుతున్నాయి. మధ్యలో ముక్కు లేదు.

"ఏందమ్మా, గట్ల చూస్తున్నవు?" అంది.

"కంట్లో నలుసు పడ్డట్టుంది అత్తమ్మా" అన్నాను. నలుసు కాదని ఆ క్షణానికే నాకు తెలుసు. పండగపూట ఆమెను భయపెట్టబుద్ధి కాలేదు.

నారాయణగూడలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పంతొమ్మిదేళ్లుగా డీటీపీ చేస్తున్నాను, ప్రూఫులు దిద్దుతాను. కంటితోనే బతుకు. అక్టోబర్ అంటే మాకు క్యాలెండర్ల కాలం. కొత్త ఏడాది క్యాలెండర్లో ఒక్కో తేదీ గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, కార్తె ప్రవేశం అన్నీ సన్నటి అక్షరాల్లో ఇరికించాలి. మర్నాడు వెళ్లి జనవరి షీటు పట్టుకున్నాను. 'ఉత్తరాభాద్ర' అని ఉండాలి. నేను ఏ అక్షరం మీద చూపు పెడితే ఆ అక్షరం మాయమవుతోంది, పక్కవి కనబడుతున్నాయి. 'త్త' చూద్దామంటే 'ఉ', 'రా' మిగులుతున్నాయి. చూపు 'రా' మీదికి జరిపితే 'త్త' వస్తుంది, ఒత్తు ఉందో లేదో తేలదు. గళ్ల నిలువు గీతలు నడుమ దగ్గర లోపలికి వంగి ఉన్నాయి. ఫైల్లో తప్పేమోనని స్కేలు పెట్టి చూశాను. గీత తిన్నగానే ఉంది.

అంతకు మూడు వారాల ముందు సంగతి చెప్పాలి. సెప్టెంబర్ 11న, వినాయక చవితి అయిన నాలుగో రోజు సాయంత్రం, బస్సు దిగి ఇంటికి నడుస్తుండగా మడమలు పట్టేశాయి. రాత్రికి నూట మూడు జ్వరం. మణికట్లు వాచి కుక్కర్ మూత తిప్పలేకపోయాను. మా వారాసిగూడ గల్లీలో అప్పటికే ఇంటికొకరు గోడ పట్టుకుని నడుస్తున్నారు. దగ్గర్లోని క్లినిక్‌లో రక్తపరీక్ష చేస్తే డెంగీ లేదన్నారు, ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై వేలు. పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు బాగా తాగమన్నారు. 15న జ్వరం దిగింది. కీళ్లనొప్పులు మిగిలాయి. అది చికున్‌గున్యా అయి ఉంటుందని అందరం అనుకున్నాం కానీ పరీక్ష చేయించుకోలేదు. జ్వరం తగ్గిందంటే ఆ అధ్యాయం ముగిసినట్టే కదా అని పనిలో పడ్డాను.

అందుకే కన్ను మసకేసినప్పుడు జ్వరం నా తలపుకే రాలేదు.

ముందు కళ్లజోళ్ల షాపుకు వెళ్లాను. మిషన్లో గడ్డం పెట్టించి, అద్దాలు మార్చి మార్చి చూశారు. "స్క్రీన్ ఎక్కువ చూస్తారు కదా మేడమ్, స్ట్రెయిన్. నంబర్ కూడా కొంచెం మారింది" అని కొత్త జోడు రాశారు. కుడికన్నుకు ఏ అద్దం వేసినా పై వరస కనబడటం లేదని రెండుసార్లు చెప్పాను. అలవాటైతే సర్దుకుంటుందన్నారు. అద్దంతో సరిపడని మసక కంటి లోపలిదని, అక్కడే ఆగి డాక్టర్ దగ్గరికి పంపాలని ఇప్పుడు తెలుసు. పక్కింటి వదిన, కిందటేడు కళ్లకలక వచ్చినప్పటి చుక్కలమందు తెచ్చిచ్చింది. ఆమె మనసు మంచిది. కానీ నా కంట్లో ఎరుపు లేదు, ఊసి లేదు, నొప్పి లేదు, నీరు కారడం లేదు. పైకి చూస్తే రెండు కళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. 2023 వానాకాలంలో కళ్లకలక వచ్చినప్పుడు దూరం నుంచి చూసినవాళ్లు కూడా పక్కకు జరిగేవారు. ఈ జబ్బు ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా తెలియదు. అలా నాలుగు రోజులు పోయాయి.

అక్టోబర్ 7, సోమవారం. మా ఆయన సెలవు పెట్టి పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. చార్టు ముందు కుడికన్నుకు అన్నిటికన్నా పైనున్న ఒకే ఒక్క పెద్ద అక్షరం, అదీ తల పక్కకి తిప్పితే దొరికింది. 6/60 అని రాశారు. మామూలు చూపున్నవాళ్లకు అరవై మీటర్ల దూరం నుంచి కనబడేది నాకు ఆరు మీటర్లకు వస్తే గానీ కనబడటం లేదన్నమాట. ఎడమకన్ను 6/9. కనుపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు.

రెటీనా డాక్టరమ్మ తల మీద లైటు పెట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని పైకి, కిందికి, పక్కలకు చూడమంటూ చాలాసేపు చూశారు. లైటు తీసి అడిగిన మొదటి మాట ఇది:

"అమ్మా, ఈ నెలా నెలన్నరలో మీకు జ్వరమేమైనా వచ్చిందా?"

అప్పటిదాకా నింపిన కాగితాల్లో షుగరు ఉందా, బీపీ ఉందా, కంటి ఆపరేషన్ అయిందా అని అడిగారు. జ్వరం గురించి ఎక్కడా లేదు. నేను తేదీలతో సహా చెప్పాను. ఆమె తల ఊపి, "అదే. జ్వరం తర్వాత వచ్చే రెటినైటిస్, కంటి తెర వాపు" అన్నారు.

స్క్రీన్ మీద నా కంటి తెర ఫొటో చూపించారు. నారింజరంగు నేల మీద, సరిగ్గా చూపుకు కేంద్రమైన మాక్యులా దగ్గర, దూదిపింజలు అతికించినట్టు తెల్లటి మచ్చలు. వాటి అంచున సన్నటి రక్తపు చారలు. ఎడమకంట్లో కూడా రెండు చిన్న పింజలున్నాయి, కేంద్రానికి దూరంగా పడ్డాయి కాబట్టి నాకు తెలియలేదు. తర్వాత ఓసీటీ స్కాన్. తెరను అడ్డంగా కోసి పొరలు చూపించినట్టుంటుంది ఆ బొమ్మ. కేంద్రంలో చిన్న పల్లం ఉండాలట. నాకు అక్కడ దిబ్బ ఉంది. పొరలు ఉబ్బి, అడుగున నీరు చేరింది. నా గీతలు ఎందుకు వంగాయో ఆ బొమ్మ చూశాక అర్థమైంది. కెమెరాలో ఫిల్ము ముడత పడితే ఫొటోలో గోడ వంగినట్టే.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాస్తాను. డెంగీ, చికున్‌గున్యా, టైఫాయిడ్, గోమార్లు, పిడుదుల్లాంటి పురుగుల ద్వారా వచ్చే రికెట్సియా జ్వరాలు, వీటిలో ఏదైనా తగ్గాక, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు, కొందరిలో కంటి తెర వాస్తుంది. డెంగీలో అంతకన్నా ముందే, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన రోజుల్లోనే చూపు మసకబారవచ్చు. క్రిమితో పోరాడటానికి లేచిన శరీరపు రక్షణశక్తి, పోరాటం ముగిశాక కూడా ఆగకుండా మన కంటి పొరల మీదే పడటం ప్రధాన కారణమని వైద్యులు భావిస్తున్నారు. ఎక్కువమందికి వారాల్లో చూపు తిరిగి వస్తుంది. అయితే హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే రెటినైటిస్ కూడా చూడటానికి ఇలాగే ఉండగలదు, దాని వైద్యం పూర్తిగా వేరు. క్షయ, సిఫిలిస్ కూడా కంట్లో ఇలాంటి వేషాలు వేస్తాయి. అవి కాదని తేల్చుకోకుండా స్టెరాయిడ్ మొదలుపెడితే ప్రమాదం. అందుకే ఒకేరోజు ఒంట్లోంచి ఏడు గొట్టాల రక్తం తీశారు. చికున్‌గున్యా, డెంగీ యాంటీబాడీలు, రికెట్సియా కోసం వీల్-ఫెలిక్స్, షుగరు, హెచ్ఐవీ, సిఫిలిస్ కోసం వీడీఆర్ఎల్, చేతి మీద క్షయ సూది, ఛాతీ ఎక్స్‌రే. హెచ్ఐవీ అనగానే మా ఆయన ముఖం మారింది. "ఇది అందరికీ చేస్తాం అన్నా, మందు భద్రంగా ఇవ్వడానికి" అని అక్కడి నర్సు నెమ్మదిగా చెప్పింది. ఆ మాట ఆమె చెప్పకపోతే ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు.

రిపోర్టులు వచ్చేదాకా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకోమన్నారు. రెండు రోజులకు చికున్‌గున్యా ఐజీఎం, అంటే ఈమధ్యే సోకిందని చెప్పే యాంటీబాడీ, పాజిటివ్ అని తేలింది, మిగతావి శుభ్రంగా ఉన్నాయి. అక్టోబర్ 10న, సద్దుల బతుకమ్మ రోజు పొద్దున, స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. 40 మిల్లీగ్రాములు, టిఫిన్ తిన్నాక ఒకేసారి. వారం వారం తగ్గిస్తూ రావాలి, సొంతంగా ఒక్కరోజు కూడా ఆపకూడదు. అత్తమ్మ సద్దులు కట్టి పిల్లను తీసుకుని చెరువుకు వెళ్లింది. నేను ఇంట్లోనే ఉండి పాటలు విన్నాను.

డాక్టరమ్మ ఒక గళ్ల కాగితం ఇచ్చారు. ఆమ్స్లర్ గ్రిడ్ అంటారు. పది సెంటీమీటర్ల చదరం, అరసెంటీమీటరు గళ్లు అడ్డం ఇరవై, నిలువు ఇరవై, నడుమ ఒక చుక్క. రోజూ ఒక కన్ను మూసి, చదివే దూరంలో పట్టుకుని, చుక్కనే చూస్తూ ఎక్కడ గీత వంగిందో, ఎక్కడ గడి మాయమైందో గమనించాలి. ఆ కాగితం నా పనికి చాలా దగ్గరిది. మర్నాడే పేజ్‌మేకర్‌లో అదే కొలతకు గీసి అరవై కాపీలు తీశాను. రోజుకొకటి, పొద్దున ఏడింటికి, వంటింటి కిటికీ వెలుగులో. కనబడని గళ్లను పెన్సిల్‌తో నింపేదాన్ని, వంగిన గీతను వంగినట్టే గీసేదాన్ని, మూలన తేదీ వేసేదాన్ని.

మొదటి కాగితంలో చుక్కే లేదు. చుక్క ఉండాల్సిన చోట ఆరు గళ్ల వెడల్పున మచ్చ, దాని చుట్టూ గీతలన్నీ లోపలికి లాక్కున్నట్టున్నాయి. చుక్క ఎక్కడుందో తెలియక నాలుగు మూలలు కలిపే ఊహాగీతలు మనసులో గీసుకుని అక్కడే చూపు నిలిపాను. వారం దాకా పెద్ద తేడా లేదు. ఒకరోజు మచ్చ పెరిగిందనిపించి ఏడ్చాను కూడా. స్టెరాయిడ్ వల్ల నిద్రపట్టేది కాదు, ముఖం ఉబ్బింది, షుగరు కొద్దిగా పెరిగింది, ఆకలి ఆగేది కాదు. పన్నెండో కాగితం మీద మచ్చ పలచబడి, దాని వెనక గీతల నీడలు కనబడ్డాయి. ఇరవై రెండో కాగితం మీద చుక్క కనబడింది. దీపావళి మర్నాడు. నిజంగా ఉందో, ఉందని తెలుసు కాబట్టి చూస్తున్నానో నమ్మలేక, కాగితం తిరగేసి పెట్టి, టీ తాగి వచ్చి మళ్లీ చూశాను. ఉంది.

రెండోసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగాను, "మేడమ్, నన్ను చూడగానే జ్వరం సంగతి ఎలా అడిగారు?" అని. "మచ్చలు కొంత చెప్పాయి, నెల కొంత చెప్పింది" అన్నారు. ఎండాకాలంలో ఈ జబ్బుతో వచ్చేవాళ్లు అరుదట. వానలు ముదిరాక, వినాయక నిమజ్జనం దాటాక మొదలై కార్తీకం దాకా వస్తూనే ఉంటారట. ఆ మాట నన్ను వదల్లేదు. క్యాలెండర్ మనిషిని కదా, ఇంటికొచ్చి లెక్క కట్టాను.

నాకు తోచినంతవరకు ఈ రుతువు కంటిది కాదు, నీటిది. డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ దోమ మురికిగుంటల్లో కాదు, మన ఇళ్లలో నిలిచిన మంచినీటి అంచున గుడ్లు పెడుతుంది. ఎండకు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి అతుక్కుని ఉండి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పదిరోజులు. ఆ దోమ జ్వరమున్న మనిషిని కుట్టాక, వైరస్ దాని లాలాజలంలోకి చేరడానికి ఇంకో వారం అటూ ఇటూ. మనల్ని పగటిపూట కుట్టాక జ్వరానికి మూడు నుంచి ఏడు రోజులు. జ్వరం దిగాక కంటికి రెండు నుంచి నాలుగు వారాలు. అన్నీ కూడితే వాననీటికీ మసకచూపుకూ మధ్య దాదాపు నెలన్నర, రెండు నెలలు. కార్తెల్లో చెప్పాలంటే ఆశ్లేషలో నిలిచిన నీళ్లు, పుబ్బలో జ్వరం, హస్తలో కన్ను. మా డాబా మీద మూలన పెట్టిన కూలర్ ట్రేలో చూస్తే నాలుగు వేళ్ల నీళ్లున్నాయి. అందులో తోకపురుగులు తల కిందికి పెట్టి వేలాడుతున్నాయి, నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోయాయి. మే నెల చివర్లో కూలర్ కట్టేసినప్పుడు ట్రే బోర్లించి ఉంటే సరిపోయేది.

మా ఊరికి ఈ లెక్క కొత్త కాదు. 1897 ఆగస్టు 20న, ఇదే వానల్లో, రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాద్‌లోనే. నల్లకుంటలో మేం కోరంటి దవాఖాన అని పిలుచుకునే ఫీవర్ ఆసుపత్రి ఆయన పేరు మీదే ఉంది. నేను రోజూ ఆఫీసుకు పోయే దారి అదే. వానాకాలంలో అక్కడ ఓపీ లైను ఎంత పొడుగు పోతుందో చూస్తూనే ఉంటాను. ఆ లైన్లో నిలబడి జ్వరం తగ్గించుకుని వెళ్లినవాళ్లలో కొందరు నెల తిరక్కముందే ఇంకో ఆసుపత్రిలో, కంటి చార్టు ముందు కూర్చుంటారని, ఆ రెండు లైన్లూ ఒకటేనని అప్పటిదాకా నాకు తోచలేదు.

చికున్‌గున్యా 1973 తర్వాత మన దేశంలో కనుమరుగై, 2005 చివర్లో తిరిగొచ్చింది. మొదట దెబ్బతిన్న ప్రాంతాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ విజృంభణ తర్వాతే దక్షిణాది కంటి వైద్యులు ఈ రెటినైటిస్ గురించి విరివిగా రాయడం మొదలుపెట్టారు. నేపాల్‌లో ఇంకో రకం రుతువు జబ్బు ఉందని కూడా చదివాను. 1975 నుంచి, ఏడాది విడిచి ఏడాది, వానలు వెళ్లిన శరత్కాలంలో ఎక్కువగా పిల్లల కంటికి వస్తుందట. తెల్లటి చిమ్మటలతో దానికి సంబంధం ఉందంటారు. కొద్ది రోజుల్లోనే చూపు పోగొట్టగలిగే జబ్బు అది. దాన్ని చదివిన రోజు నాది ఎంత మెత్తగా వదిలిందో అనిపించి, దేవుడి ముందు దీపం పెట్టాను.

డిసెంబర్ మొదటి వారంలో మాత్రలు పూర్తిగా ఆగాయి. ఓసీటీలో దిబ్బ పోయి పల్లం వచ్చింది. చార్టు మీద కుడికన్ను 6/9. ఆరోజు బెంచీల మీద షుగరు పేషెంట్లూ, లేజర్ కోసం వచ్చిన పెద్దవాళ్లే ఉన్నారు. అక్టోబర్‌లో నాతోపాటు కూర్చున్న రకం మనుషులు, అంటే మొన్నటిదాకా జ్వరం పడి కీళ్లు పట్టుకుని నడిచే నడివయసువాళ్లు, కుర్రవాళ్లు, ఒక్కరూ లేరు. డాక్టరమ్మ నా గళ్ల కాగితాల కట్టను వరసగా తిప్పి చూశారు, జూనియర్లకు చూపిస్తానని జిరాక్స్ తీయించుకుని అసలువి తిరిగిచ్చారు.

చుక్కకు కుడివైపు రెండో గడిలో ఒక గీత ఇప్పటికీ కాస్త వంగే కనబడుతుంది. అది అలాగే ఉండిపోవచ్చన్నారు. రెండు కళ్లూ తెరిచి చదివితే తెలియదు. ప్రూఫులు మళ్లీ దిద్దుతున్నాను, ఒత్తులు కనబడుతున్నాయి. జూన్‌లో మృగశిర కార్తె రోజు పొద్దున్నే డాబా ఎక్కి కూలర్ ట్రే కడిగి, ఎండబెట్టి బోర్లించాను. పక్కింటి వదిన వాళ్లదీ బోర్లించి వచ్చాను.